టర్కీ ఆరు బాణాలు: ‘లాయిక్లిక్’ అంటే మన సెక్యులరిజమేనా?

గుంటూరు_ఆస్పిరెంట్
నమస్తే అందరికీ. మెయిన్స్ ప్రపంచ చరిత్రలో కెమాలిజం దగ్గర ఆగిపోయాను. కోచింగ్ నోట్సులో ఇలా ఉంది: “1923లో ముస్తఫా కెమాల్ ఆరు సూత్రాలు ప్రకటించి, మతాన్ని రాజ్యం నుంచి వేరుచేసి, బురఖాను నిషేధించి, టర్కీని సెక్యులర్ రిపబ్లిక్‌గా మార్చాడు.” ఇంకో పుస్తకం చూస్తే సంవత్సరాలు ఇందులో ఒక్కటీ కలవడం లేదు. ఏది నమ్మాలి? అలాగే అక్కడి సెక్యులరిజం, మనది ఒకటేనా?

లాపాయింటు
మీ నోట్సులోని ఆ ఒక్క వాక్యంలో మూడు తప్పులున్నాయి. వరసగా చూద్దాం.

మొదటిది, 1923లో ఆరు సూత్రాలు లేవు. ఆ ఏడాది అక్టోబర్ 29న ప్రకటించింది రిపబ్లిక్‌ను మాత్రమే. సుల్తాన్ పదవి అంతకు ఏడాది ముందే, 1922 నవంబర్ 1న రద్దయింది. కెమాల్ పార్టీ పత్రాల్లో సూత్రాలు కనిపించేది 1927లో. అప్పటికి నాలుగే: రిపబ్లిక్ వాదం, జాతీయవాదం, ప్రజావాదం, లౌకికవాదం. 1931 మే కాంగ్రెస్‌లో ప్రభుత్వ ఆర్థికవాదం, ఇన్‌కిలాప్ (విప్లవ) వాదం చేరి ఆరయ్యాయి. ‘ఆరు బాణాలు’ అంటే ఇవే. రాజ్యాంగంలోకి ఎక్కింది 1937 ఫిబ్రవరి 5న. అంటే చట్టాలు ముందు, సిద్ధాంతం వెనక. ముందే రాసిపెట్టుకున్న గ్రంథం ఏదీ లేదు. చేసిన పనులన్నిటికీ తర్వాత ఓ పేరు పెట్టారంతే. అందుకే కెమాలిజాన్ని నినాదాల్లోంచి చదివితే అయోమయం. చట్టాల తేదీల్లోంచి చదివితే తేట.

రెండోది, ‘మతాన్ని వేరుచేశాడు’ అనేది. 1924 రాజ్యాంగం రెండో అధికరణంలో “టర్కీ రాజ్య మతం ఇస్లాం” అనే ఉంది. ఆ మాట తీసేసింది 1928 ఏప్రిల్ 10న. సభ్యుల ప్రమాణంలో దేవుడి పేరు పోయి ‘నా గౌరవం మీద’ అన్నది వచ్చిందీ ఆ సవరణతోనే. ఖలీఫాను (సున్నీ ముస్లింల మతపెద్దను) దేశం దాటించాక కూడా నాలుగేళ్లు రాజ్యాంగంలో రాజ్య మతం ఇస్లామే.

మూడోది బురఖా. దేశమంతటికీ వర్తించే బురఖా నిషేధ చట్టం అతాతుర్క్ (కెమాల్‌కు తర్వాత వచ్చిన పేరు) చేయలేదు. 1925 నవంబర్ 25 నాటి 671వ నంబరు చట్టం టోపీ గురించి, అదీ మగవాళ్ల ఫెజ్ టోపీ తీయించి హ్యాట్ పెట్టించడం గురించి. ముసుగు మీద 1930ల్లో కొన్ని మున్సిపాలిటీలు తీర్మానాలు చేశాయి, అంతే. యూనివర్సిటీల్లో హెడ్‌స్కార్ఫ్ గొడవ 1980 సైనిక కుట్ర తర్వాతి సంగతి.

పాతబస్తీ
ఆరు పేర్లూ టర్కిష్‌లో రాస్తున్నాను. ఉర్దూ చెవినపడిన మనవాళ్లకు సగం అర్థమవుతాయి. జుమ్హురియెత్చిలిక్ (జమ్హూరియత్, రిపబ్లిక్ వాదం), మిల్లియెత్చిలిక్ (మిల్లత్, జాతీయవాదం), హల్క్‌చిలిక్ (ఖల్క్, అంటే జనం; ప్రజావాదం), దెవ్లెత్చిలిక్ (దౌలత్, అక్కడ రాజ్యం అని; ప్రభుత్వ ఆర్థికవాదం), ఇన్‌కిలాప్‌చిలిక్ (మన ఇంక్విలాబే). ఆరోది లాయిక్లిక్, అంటే లౌకికవాదం. దానికి మాత్రం అరబ్బీలోనూ పారశీకంలోనూ వేరు దొరకదు, ఫ్రెంచి నుంచి తెచ్చుకున్నారు. ఆ అరువు మాటే చాలా చెబుతుంది.

హైదరాబాద్ సంబంధం కూడా చెప్పాలి. 1923 చివర్లో ఆగాఖాన్, అమీర్ అలీ కలిసి ఖలీఫా గౌరవం కాపాడమని ప్రధాని ఇస్మెత్ పాషాకు లేఖ రాశారు. అది ఆయన చేతికి అందకముందే ఇస్తాంబుల్ పత్రికల్లో అచ్చయింది. బ్రిటిష్ సామ్రాజ్య ప్రజలు, అందులోనూ సున్నీలు కాని ఇద్దరు మనకు చెప్పేదేంటని అంకారా మండిపడింది. పత్రికా సంపాదకుల మీద విచారణ పెట్టింది. ఖిలాఫత్‌ను నిలబెడదామని రాసిన ఉత్తరమే దాన్ని తీసేయడానికి సాకు అయింది.

1924 మార్చి 3న చట్టం అయింది. ఆ రాత్రే చివరి ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్‌ను కారులో చతల్జా స్టేషన్‌కు తీసుకెళ్లి రైలెక్కించారు. ఇస్తాంబుల్ నడిబొడ్డున సిర్కెజి స్టేషన్ ఉండగా ఊరవతలికి ఎందుకంటే, జనం పోగవుతారని భయం. తర్వాత ఆయనకు నెలనెలా పింఛను పంపింది నిజాం ఉస్మాన్ అలీఖాన్. 1931లో నీస్ నగరంలో ఖలీఫా కూతురు దుర్రుషెహ్వార్‌కు నిజాం కొడుకు ఆజం జాతో, బంధువుల అమ్మాయి నీలోఫర్‌కు మరో కొడుకు మొఅజ్జం జాతో పెళ్లిళ్లు జరిగాయి. రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆసుపత్రి, పురానీ హవేలీ దగ్గర దుర్రుషెహ్వార్ ఆసుపత్రి ఆ పేర్లవే.

సూటిగా
అంటే ఖలీఫాను పంపేశారు, షరియా కోర్టులు మూసేశారు, మదర్సాలు మూసేశారు. మరి మతం, రాజ్యం వేరుకాకపోతే ఇంకేంటి? ఫ్రాన్స్ మాట, ఫ్రాన్స్ పద్ధతి. లాపాయింటు గారు అనవసరంగా మెలిక పెడుతున్నారనిపిస్తోంది.

లాపాయింటు
మెలిక నాది కాదు, 1924 మార్చి 3ది. ఆ ఒక్కరోజున వరస నంబర్లతో మూడు చట్టాలు పాసయ్యాయి. 431 ఖిలాఫత్ రద్దు. 430 విద్య అంతా ఒకే మంత్రిత్వశాఖ కిందికి. అందరూ వదిలేసేది 429. అది షరియా, వక్ఫుల మంత్రిత్వశాఖను ఎత్తేసి, దాని స్థానంలో ప్రధాని కింద దియానెత్ అనే మత వ్యవహారాల సంస్థను పెట్టింది. ఇమామ్‌ను నియమించేది అదే, తీసేసేది అదే. శుక్రవారం ఖుత్బాలో (నమాజు ప్రసంగంలో) ఏం చదవాలో చెప్పేదీ అదే. ఫ్రాన్సులో 1905 చట్టం ఏమంది? ఏ మతాన్నీ రాజ్యం గుర్తించదు, ఎవరికీ జీతం ఇవ్వదు అంది. టర్కీలో ఇమామ్ ప్రభుత్వ ఉద్యోగి. ఒకటి విడాకులు, ఇంకోటి ఇల్లరికం.

మన దేవాదాయ శాఖతో పోల్చి చూడండి, తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1987 చట్టంతో వంశపారంపర్య అర్చకత్వం రద్దయింది. గుడికి ఈవో వచ్చాడు. హుండీ లెక్క, మాన్యాల కౌలు అన్నీ ఆయన చేతికి. ఇక్కడి దాకా దియానెత్ లాగే కనిపిస్తుంది. కానీ ఖర్చు ప్రధానంగా గుళ్ల ఆదాయంలోంచే. పైగా ఏ మత ప్రచారానికీ ప్రత్యేకంగా పన్ను వేయకూడదని మన 27వ అధికరణం అడ్డం ఉంది. పురాణ ప్రవచనం పాఠాన్ని కమిషనర్ రాసి పంపడు. దియానెత్‌కు డబ్బు సాధారణ బడ్జెట్ నుంచి వస్తుంది. అలెవీలు (సున్నీలు కాని ముస్లిం వర్గం), క్రైస్తవులు, యూదులు, ఏ మతమూ లేనివాళ్లు కట్టిన పన్ను కూడా అందులో ఉంటుంది. సేవ మాత్రం సున్నీ హనఫీ పద్ధతిలో. అలెవీల ప్రార్థనా మందిరాలైన జెమెవీలకు మసీదుతో సమానమైన హోదా లేదు. లాయిక్లిక్ మీద నేటికీ తెగని ఫిర్యాదు ఇదే.

ఇది ఎక్కడ బెడిసికొట్టిందో కూడా చూడండి. 430వ చట్టం నాలుగో అధికరణం మదర్సాలకు బదులు ఇమామ్-హతీప్ బళ్లు (ఇమాములను తయారుచేసేవి) ప్రభుత్వమే తెరవాలంది. 1924లో 29 తెరిచారు. చదివినా ఉద్యోగం గ్యారంటీ లేదు, పైచదువుకు దారి లేదు, దాంతో పిల్లలు రాలేదు. 1930 కల్లా అన్నీ మూతపడ్డాయి. పాత ముల్లాలు ముసలివాళ్లై పోతుంటే కొత్తవాళ్లు తయారు కాలేదు. 1940ల్లో ఊళ్లలో శవానికి స్నానం చేయించి జనాజా నమాజు చేయించేవాడు దొరకడం లేదని కెమాల్ సొంత పార్టీ వాళ్లే మొత్తుకున్నారు. ఆ ఖాళీని పైకి మూసివేసి ఉన్న తరీఖాలు (సూఫీ సంఘాలు) లోలోపల నింపాయి. 1951లో ఆ బళ్లు మళ్లీ తెరవాల్సి వచ్చింది.

అక్షరశాల
లిపి సంగతి ఎవరూ ఎత్తలేదు. నా లెక్కన మిగతా సంస్కరణలన్నీ ఒకెత్తు, ఇదొకటీ ఒకెత్తు. కాస్త నిదానంగా చెప్తాను.

టర్కిష్‌లో అచ్చులు ఎనిమిది. అరబ్బీ లిపిలో అచ్చుల పనికి ఉన్నవి ప్రధానంగా అలిఫ్, వావ్, యే. వావ్ ఒక్కటే నాలుగు అచ్చుల పని చేయాలి. ‘ఓల్దు’ అంటే అయ్యాడు. మూతి ముందుకు చుట్టి నాలుక ముందుకు తెచ్చి అదే మాట పలికితే ‘చచ్చిపోయాడు’. అలిఫ్, వావ్, లామ్, దాల్, యే: పాత రాతలో రెండింటికీ అవే ఐదు అక్షరాలు. ‘ఫలానావాడు పాషా ఓల్దు’ అని తంతి వస్తే పదవి వచ్చిందా, ప్రాణం పోయిందా సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి. ఆ రెండో అచ్చును మన తెలుగులో కూడా రాయలేం, అందుకే ఇంత వర్ణన.

కొత్త లిపి లెక్క సులువు. లాటిన్ 26లోంచి క్యూ, డబ్ల్యూ, ఎక్స్ తీసేశారు, 23. చుక్కలు, తోకలు, టోపీలు పెట్టి ఆరు కొత్తవి చేర్చారు, 29. వాటిలో చుక్క లేని ఐ ఒకటి. సాఫ్ట్‌వేర్ వాళ్లకు దీనితో పాత పగ: సిస్టమ్ భాష టర్కిష్‌లో ఉంటే చిన్న ఐని పెద్దక్షరం చేసినప్పుడు చుక్కతో వస్తుంది, పోలికలన్నీ తప్పుతాయి. 1928లో చేసిన నిర్ణయం ఇవాళ్టికీ బగ్ టికెట్ అవుతోంది.

అసలు విశేషం వేగం. కమిషన్ ఐదేళ్ల నుంచి పదిహేనేళ్లు గడువు అడిగింది. పత్రికల్లో కొన్నాళ్లు రెండు లిపులూ పక్కపక్కన ఉంచుదామంది. అయితే మూడు నెలల్లో అవ్వాలి, లేకపోతే అసలు అవ్వదు అని కెమాల్ తేల్చేశాడు. కారణం ఉంది: రెండూ ఉంటే జనం పాత సగమే చదువుతారు. 1928 ఆగస్టు 9న సరాయ్‌బుర్ను పార్కులో ప్రకటన, నవంబర్ 1న 1353వ చట్టం, డిసెంబర్ 1 నుంచి పత్రికలు, 1929 జనవరి 1 నుంచి పుస్తకాలు, ఆఫీసులు. అదే రోజు పెద్దల కోసం ‘మిల్లెత్ మెక్తెప్’లు (జాతీయ బళ్లు) మొదలు. లిపిని కదిలించిన దేశాలు వేరే ఉన్నాయి. ఇంత తక్కువ గడువులో, ఇంత పాత అచ్చు సంప్రదాయం ఉన్నచోట చేసింది అరుదు.

సూటిగా
దానివల్లే కదా అక్షరాస్యత రెట్టింపయింది.

అక్షరశాల
1927 జనగణనలో పదిమందిలో దాదాపు ఒకరు, 1935లో ఇద్దరు. సంఖ్య నిజమే. కానీ లిపి ఒక్కదానికే ఆ మార్కులన్నీ వేయకండి. అవే ఏళ్లలో రాత్రి బళ్లు, కొత్త ప్రాథమిక పాఠశాలలు వచ్చాయి. కష్టమైన లిపే అడ్డంకైతే జపాన్ నిరక్షరాస్యంగా ఉండాలి.

ఇంకో మూల్యం కూడా ఉంది. 1932లో భాషా సంఘం పెట్టి అరబ్బీ, పారశీక పదాలు ఏరేయడం మొదలెట్టారు. 1924 రాజ్యాంగాన్నే 1945లో ‘శుద్ధ’ టర్కిష్‌లోకి తిరగరాశారు. 1952లో మళ్లీ పాత భాషకు మార్చారు. 1927లో కెమాల్ ఆరు రోజుల్లో 36 గంటలకు పైగా చదివిన మహోపన్యాసాన్ని ఈనాటి కుర్రాడు మూల భాషలో చదివి అర్థం చేసుకోలేడు. నేటి టర్కిష్‌లోకి మార్చి అచ్చువేస్తారు. రిపబ్లిక్ స్థాపకుడి మాటకు ఆ రిపబ్లిక్ పిల్లలకే అనువాదం కావాలి. మన గ్రాంథిక, వ్యావహారిక గొడవ దీని ముందు అన్నదమ్ముల తగువు.

జమాఖర్చు
దెవ్లెత్చిలిక్ గురించి. దీన్ని సోషలిజం అని రాస్తే మార్కులు పోతాయి.

1923 ఫిబ్రవరిలో ఇజ్మీర్ ఆర్థిక మహాసభ పాడింది ప్రైవేటు పెట్టుబడి పాటే. 1924లో ఇష్ బ్యాంక్ పెట్టిందీ ఆ దారిలోనే. ఖిలాఫత్ ఉద్యమం రోజుల్లో మన దేశపు ముస్లింలు పంపిన చందాలోంచి దాని మూలధనం వచ్చిందని టర్కీ చరిత్రకారులు రాస్తారు. ఖలీఫా కోసం ఇచ్చిన డబ్బు బ్యాంకుకు మూలధనమైంది! కానీ 1923 నాటి లొజాన్ శాంతి ఒప్పందంతో పాటు కుదిరిన వాణిజ్య షరతు వల్ల దిగుమతి సుంకాలు 1929 దాకా పెంచడానికి వీల్లేదు. చేతులు విడిపోయిన ఏడాదే ప్రపంచ మాంద్యం. గోధుమ, పొగాకు ధరలు పడిపోయాయి. ప్రైవేటువాడి దగ్గర పెట్టుబడి లేదు. అప్పుడు రాజ్యమే దిగింది. 1933లో ప్రభుత్వ సుమెర్‌బ్యాంక్, 1934లో మొదటి పంచవర్ష పారిశ్రామిక ప్రణాళిక, సోవియట్ నుంచి 80 లక్షల డాలర్ల వడ్డీ లేని అప్పు. ఆ యంత్రాలతోనే 1935లో కైసెరి, 1937లో నాజిల్లి బట్టల మిల్లులు. కరాబుక్ ఉక్కుకు మాత్రం బ్రిటిష్ అప్పు. ఎవరిస్తే వాళ్ల దగ్గర తీసుకోవడం తప్ప అందులో సిద్ధాంతం పెద్దగా లేదు.

హల్క్‌చిలిక్ బలహీనత కూడా ఇక్కడే. వర్గాలు లేవు, అందరూ ఒకే జనం అన్నారు. 1925లో దశాంశ పన్ను (అషార్) రద్దు చేయడం రైతుకు నిజంగా మేలు. కానీ 1945లో భూసంస్కరణ చట్టం తెచ్చేసరికి పార్టీలోని భూస్వాములే ఎదురుతిరిగారు. అందులో 17వ అధికరణం పెద్ద కమతాల్లో దున్నుకునేవాడికి భూమి ఇవ్వమంది. దాన్ని వ్యతిరేకించినవాళ్లలో అద్నాన్ మెందెరెస్ ఒకరు. 1946 జనవరిలో డెమొక్రాట్ పార్టీ పుట్టింది. 1950 మే 14న అదే గెలిచింది.

పాతబస్తీ
మిల్లియెత్చిలిక్ లోపల కూడా ఒక చిక్కుముడి ఉంది. 1924 రాజ్యాంగం 88వ అధికరణం మతం, జాతి భేదం లేకుండా పౌరసత్వం రీత్యా అందరూ ‘టర్క్’ అంటుంది. చదవడానికి బాగుంది. కానీ 1923 జనవరి 30న గ్రీసుతో కుదిరిన జనాభా మార్పిడికి కొలమానం భాష కాదు, మతం. ఇంట్లో టర్కిష్ తప్ప మాట్లాడని కరమాన్లీ క్రైస్తవులను గ్రీసుకు పంపారు. గ్రీకు మాట్లాడే క్రీట్ ముస్లింలను తెచ్చుకున్నారు. లౌకిక జాతి సరిహద్దు గీసింది మతంతోనే. 1942 నవంబర్‌లో వచ్చిన సంపద పన్నులో కూడా ముస్లిమేతరులకు ఎన్నో రెట్లు వేశారు. కట్టలేనివాళ్లను అష్కలే శిబిరాలకు రాళ్లు కొట్టడానికి పంపారు. 1944లో రద్దు చేశారు.

కుర్దుల విషయం ఖలీఫాతో ముడిపడింది. టర్కులనూ కుర్దులనూ కలిపి ఉంచిన ఉమ్మడి తాడు ఖిలాఫత్. అది తెగిన ఏడాదిలోపే, 1925 ఫిబ్రవరిలో షేక్ సైద్ తిరుగుబాటు. మార్చి 4న శాంతిభద్రతల చట్టం, స్వాతంత్ర్య ట్రిబ్యునళ్లు అనే ప్రత్యేక కోర్టులు. ఆ చట్టం నీడలోనే ప్రతిపక్ష పార్టీని జూన్‌లో మూసేశారు, పత్రికలను మూసేశారు, నవంబర్‌లో టోపీ చట్టం తెచ్చారు. ఇస్కిలిప్లి ఆతిఫ్ అనే మత పండితుడు హ్యాట్‌కు వ్యతిరేకంగా ఓ చిన్న పుస్తకం రాశాడు. రాసింది చట్టం రాకముందు, 1924లో. అయినా 1926 ఫిబ్రవరిలో ఉరితీశారు.

సిరిమల్లె
సివిల్ కోడ్ గురించి రెండు ముక్కలు. 1926 ఫిబ్రవరి 17న స్విస్ కోడ్‌ను దాదాపు ఉన్నదున్నట్టు అనువదించి పెట్టుకున్నారు. అక్టోబర్ 4 నుంచి అమలు. బహుభార్యత్వం పోయింది, విడాకులు కోర్టుకు వెళ్లాయి, వారసత్వం సమానమైంది. కానీ స్విస్ కోడ్‌తో పాటు 152వ అధికరణం కూడా వచ్చింది: ఇంటి పెద్ద భర్త. భార్య ఉద్యోగానికి భర్త అనుమతి కావాలన్న 159ని రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది 1990లో. ఇంటి పెద్ద మాట పోయింది 2002లో. అంటే టర్కీ స్త్రీని 76 ఏళ్లు కట్టేసింది షరియా కాదు, స్విట్జర్లాండ్.

ఊళ్లలో ఏం జరిగిందంటే, పెళ్లి వయసు మగవాళ్లకు 18, ఆడపిల్లలకు 17 అన్నారు. జనం రిజిస్ట్రారు దగ్గరకు వెళ్లకుండా ఇమామ్ నికాతో సరిపెట్టుకున్నారు. ఆ పిల్లలు చట్టప్రకారం అక్రమ సంతానం. 1933 నుంచి మొదలుపెట్టి పదేపదే ప్రత్యేక చట్టాలు చేసి వాళ్లను సక్రమం చేయాల్సి వచ్చింది. 1938లో వయసును 17కు, 15కు దించారు.

ఓటు: మున్సిపల్ 1930, పార్లమెంటు 1934 డిసెంబర్ 5. ఫ్రాన్స్ స్త్రీలకు ఓటు 1944లో గానీ రాలేదు. కాకపోతే 1935లో పోటీ చేసింది ఒకటే పార్టీ అన్న సంగతి కూడా పక్కనే రాయండి.

నిర్వాహకుడు
మన దేశంలోని ప్రస్తుత పార్టీల మీద వచ్చిన నాలుగు వ్యాఖ్యలు తీసేశాను. టర్కీ మీదే ఉండండి.

గుంటూరు_ఆస్పిరెంట్
చాలా థ్యాంక్స్ అండి. 1950 తర్వాత కెమాలిజం పోయినట్టేనా? డెమొక్రాట్లు దాన్ని తిరగదోడారని చదివాను.

లాపాయింటు
తిరగదోడింది ఒకటే గట్టిగా: 1932 నుంచి ‘తాన్రి ఉలుదుర్’ అని టర్కిష్‌లో ఇస్తున్న అజాన్‌ను 1950 జూన్ 16న మళ్లీ అరబ్బీలోకి అనుమతించారు. కెమాల్ పార్టీ కూడా అడ్డుపడలేదు. తమాషా ఏంటంటే, అతాతుర్క్ జ్ఞాపకాన్ని అవమానిస్తే ఒకటి నుంచి మూడేళ్లు జైలు అన్న 5816వ చట్టం చేసింది ఆ డెమొక్రాట్లే, 1951 జూలైలో.

ఆరు బాణాలు రాజ్యాంగంలో ఉన్నది 1937 నుంచి 1961 వరకే. 1961లో ‘జాతీయ, ప్రజాస్వామిక, లౌకిక, సామాజిక’ అని మార్చారు. లాయిక్లిక్ మిగిలింది, దెవ్లెత్చిలిక్ పోయింది. 1982 రాజ్యాంగం రెండో అధికరణంలో ‘అతాతుర్క్ జాతీయవాదం’ అన్న మాట వచ్చింది. మొదటి మూడింటిని సవరించకూడదని నాలుగోది చెబుతుంది. అదే రాజ్యాంగం 24వ అధికరణం బళ్లలో మత సంస్కృతి పాఠాన్ని తప్పనిసరి చేసింది. చేయించింది కెమాల్ వారసులమని చెప్పుకున్న జనరళ్లే. లెఫ్ట్ మీద విరుగుడుగా మతాన్ని వాడుకున్నారు. ఇమామ్‌ను ఉద్యోగిగా చేసుకున్న రాజ్యానికి ఈ పని చేయడం ఎంతసేపు? నేను మొదట చెప్పిన 429వ చట్టం దగ్గరికే వస్తున్నాం. అక్కడ ఆ సంస్థ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల లాయిక్లిక్.

సూటిగా
సరే, ఒప్పుకుంటున్నా, ‘వేరు చేయడం’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ఆఖరి ప్రశ్న. టోపీ చట్టం ఇప్పుడూ ఉందా?

లాపాయింటు
ఉంది. 1982 రాజ్యాంగం 174వ అధికరణం ఎనిమిది సంస్కరణ చట్టాలకు కవచం కట్టింది. వాటిలో టోపీ, లిపి, తెక్కెల (సూఫీ మఠాల) మూసివేత, బే-ఎఫెంది బిరుదుల రద్దు ఉన్నాయి. టోపీ, లిపి చట్టాలు ఉల్లంఘిస్తే రెండు నుంచి ఆరు నెలల జైలు అని శిక్షాస్మృతి 222లో ఉండేది. దాన్ని 2014 మార్చిలో ఎత్తేశారు. చట్టం పుస్తకంలో ఉంది, శిక్ష లేదు.

అక్షరశాల
ఆ 2014 ప్యాకేజీతోనే క్యూ, డబ్ల్యూ, ఎక్స్ వాడకానికి అడ్డు పోయింది. కుర్దిష్ పేర్లలో ఆ మూడూ కావాలి మరి. నెవ్రోజ్ (వసంత నూతన సంవత్సర) పండగను కుర్దిష్‌లో డబ్ల్యూతో రాస్తారు, టర్కిష్‌లో వీతో. ఆ ఒక్క అక్షరం కోసం కేసులు నడిచాయి.